ఓడ కథలో నవ్వినవాళ్ళు

మా హాస్టల్లో నా అసలు పేరు తెలిసినవాళ్ళు ఓ పదిమంది ఉంటారేమో. మిగతా అందరికీ నేను 'పాస్టర్ గారు'. జూనియర్లు కూడా అలాగే పిలుస్తారు. ఒకసారి కొరియర్ అబ్బాయి గేటు దగ్గర నా పేరు చెప్పి అడిగితే, "అలాంటివాడు ఈ బ్లాకులో లేడు" అని వెనక్కి పంపించేశారు. పంపించింది నా రూమ్మేటే.

ఈ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే ఫస్టియర్ రెండో వారంలోకి వెళ్ళాలి. ఆ రోజు బుధవారం, మెస్‌లో గుడ్డు ఇచ్చే రోజు. ఇంట్లో అలవాటు ప్రకారం ప్లేటు ముందు కూర్చుని కళ్ళు మూసుకున్నాను. మహా అయితే పది సెకన్లు. ఆమెన్ అనుకుని కళ్ళు తెరిచేసరికి ప్లేట్లో గుడ్డు లేదు. ఎదురుగా ఎనిమిది మంది చాలా సీరియస్‌గా సాంబారు కలుపుకుంటున్నారు. ఒకడి బుగ్గ మాత్రం ఉబ్బి ఉంది. అందరూ ఒక్కసారి పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది.

కానీ మర్నాటి నుంచి కళ్ళు మూసుకోవడం మానేశాను.

అంటే ప్రార్థన మానలేదు, కనబడకుండా చేసుకోవడం మొదలుపెట్టాను. చేతులు కడుక్కునేటప్పుడు కుళాయి దగ్గరే రెండు మాటలు అనుకునేవాణ్ణి. లైన్ ఎక్కువుంటే ప్లేటు ముందు కూర్చుని, తలనొప్పి వచ్చినట్టు నుదురు రుద్దుకుంటూ కానిచ్చేవాణ్ణి. ఓ నెల గమనించాక రూమ్మేట్ నాకు అమృతాంజనం సీసా కొనిచ్చాడు. "రోజూ తిండి ముందే వస్తోందిరా నీకు, డాక్టర్‌కి చూపించుకో" అన్నాడు. ఆ సీసా ఇప్పటికీ నా షెల్ఫులో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా సిగ్గేస్తుంది. వాడికి నా మీదున్న శ్రద్ధకి నేను అబద్ధం బదులిచ్చాను కదా అని.

ఇది ప్రసంగం కాదు, భయపడకండి. ఎవర్నీ మార్చడానికి రాయడం లేదు. సర్వే క్యాంపులో జరిగిన ఒక విషయం రాద్దామని కూర్చుంటే ఇవన్నీ ముందు చెప్పాల్సి వస్తోంది.

పాస్టర్ గారు అనే పిలుపుతో నాకు పెద్ద ఇబ్బంది లేదు. బాధ పెట్టిన మాట ఇంకొకటుంది. సెకండియర్‌లో ఒక సీనియర్ నవ్వుతూనే అడిగాడు, "మీ తాతలకి ఎన్ని బస్తాల బియ్యం ఇచ్చార్రా మారడానికి?" అని. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు ఏం చెప్పాలో తెలీలేదు. ఎందుకంటే నిజంగానే నాకు తెలీదు. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. ఊరికి చివర మా పేట, పేటకి చివర మా చర్చి. అది ఎలా వచ్చిందో ఎప్పుడూ అడగలేదు.

ఆ సెలవుల్లో నాయనమ్మని అడిగాను. ఆవిడ చదువుకున్నది బైబిలూ పాటల పుస్తకమే. కానీ వాళ్ళ నాయనమ్మ చెప్పిన సంగతులు పొల్లుపోకుండా చెబుతుంది. మా వాళ్ళు మాదిగలు. ఊళ్ళో ఎద్దు చచ్చిపోతే ఈడ్చుకెళ్ళాలి, తోలు తీయాలి, చెప్పులు కుట్టాలి, జాతరకి డప్పు కొట్టాలి. ఆ చచ్చిన గొడ్డు మాంసమే వాళ్ళకి తిండి. దేవుణ్ణి నమ్ముకున్నాక మూడు సంగతులు మానేశారట. చచ్చిన గొడ్డు తినడం, విగ్రహాలకి మొక్కడం, ఆదివారం పని చేయడం. "అప్పుడు ఊరోళ్ళు ఏమన్నారు నాయనమ్మా?" అంటే, "ఏమంటారయ్యా, నవ్వారు. నిన్నటిదాకా తిన్నోళ్ళకి ఇయాల కంపుకొడతందా అన్నారు. నవ్వటం అయినాక డప్పు కొట్టలేదని కొట్టారు. కుండలమ్మేవోడు కుండలియ్యలేదు, కొట్టోడు ఉప్పియ్యలేదు" అంది, ఏదో పక్కింటి సంగతి చెప్పినట్టు.

కాలేజీకి వచ్చాక ఈ విషయం మీద కొంత చదివాను. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, మా వైపు వాళ్ళు క్లౌ దొర అంటారు, తన జీవితం గురించి రాసుకున్న పుస్తకం 1914లో అచ్చయింది. నాయనమ్మ చెప్పిన ఆ మూడు నియమాలూ అందులో ఉన్నాయి. ఇంకో సంగతి చదివి సివిల్ వాడిగా ఎగిరి గంతేశాను. మిషనరీ కాకముందు క్లౌ దొర అమెరికాలో సర్వేయర్! కుర్రతనంలో మిన్నెసోటా ప్రాంతంలో ప్రభుత్వ భూముల సర్వేలో పనిచేశాడు. 1876-78 నాటి పెద్ద కరువులో ఆ చదువే పనికొచ్చింది. అప్పుడు తవ్వుతున్న బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకి పైగా కాంట్రాక్టు తనే తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకి మట్టి పని ఇచ్చాడు.

బస్తాల ప్రశ్నకి జవాబు కూడా అక్కడే దొరికింది. ఆ కరువు కాలంలో బాప్తిస్మం ఇమ్మని జనం వస్తూనే ఉన్నా, ఏడాదికి పైగా ఆయన ఎవరికీ ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారనే మాట రాకూడదని. పని ఇచ్చాడు, కూలి ఇచ్చాడు, బాప్తిస్మం మాత్రం ఆపాడు. కాలువ పని ముగిసి, ఇవ్వడానికి ఆయన చేతిలో ఏమీ లేని సమయంలో, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ సీనియర్ అప్పటికి పాసై వెళ్ళిపోయాడు. జవాబు నా దగ్గరే ఉండిపోయింది.

ఇక క్యాంపు సంగతి. మూడో సంవత్సరం ఫిబ్రవరిలో మమ్మల్ని నాగార్జునసాగర్ వైపు తీసుకెళ్ళారు. కుడి కాలువ దగ్గర మా పని. సివిల్ వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతా బ్రాంచీల వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఫ్లై లెవెలింగ్ అంటే ఒక తెలిసిన ఎత్తు దగ్గర బయల్దేరి, లెవెల్‌ని చోటు మార్చుకుంటూ, స్టాఫ్ మీద ముందొక రీడింగ్ వెనకొక రీడింగ్ తీసుకుంటూ ఎత్తుపల్లాలు లెక్కకట్టుకుంటూ పోవడం. చుట్టూ తిరిగి మళ్ళీ మొదలుపెట్టిన చోటికే వస్తే ఎంత తప్పు చేశామో తెలుస్తుంది. 100.000 మీటర్లు అని బయల్దేరితే 100.000 తోనే తిరిగి రావాలి. ఎవరికీ అలా రాదు. కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది. ఎంతవరకు ఒప్పుకుంటారో దానికో లెక్క ఉంది. దూరం కిలోమీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 24తో గుణిస్తే వచ్చినన్ని మిల్లీమీటర్లు. మా దూరం 1.2 కిలోమీటర్లు. అంటే 26 మిల్లీమీటర్ల దాకా తప్పు మాఫీ.

మాకొచ్చింది 100.094. తొంభై నాలుగు మిల్లీమీటర్ల తేడా.

గ్రూపులో ఆరుగురం. లెవెల్ దగ్గర నా రూమ్మేట్, స్టాఫ్ పట్టుకోవడానికి ఇద్దరు, గొడుగూ టేపూ చూసుకోవడానికి ఇద్దరు, ఫీల్డ్ బుక్ రాసేది నేను. సాయంత్రం నాలుగున్నర అయింది. కాలువ గట్టు మీద తుమ్మచెట్టు కింద కూర్చుని లెక్కలు రెండుసార్లు చూశాం. అరిథ్మెటిక్ చెక్ చక్కగా సరిపోయింది. సరిపోతుంది మరి, ఆ చెక్ కూడికల్లో తప్పుని పట్టుకుంటుంది కానీ రీడింగ్‌లో తప్పుని పట్టుకోదు.

"ఏముందిరా, నాలుగు ఫోర్‌సైట్లలో తలా 22 కలుపు. ఆరు మిల్లీమీటర్ల ఎర్రర్ వస్తుంది. సున్నా వస్తే అనుమానపడతారు, ఆరు అందంగా ఉంటుంది" అన్నాడు మా వాళ్ళలో లెక్కల్లో ఫాస్ట్ అయినవాడు. నిజంగానే అందమైన ఐడియా. ఐదు నిమిషాల పని. మళ్ళీ చేయాలంటే మర్నాడు పొద్దున్నంతా పోతుంది. మర్నాడు పొద్దున్న మొత్తం క్లాసు ఎత్తిపోతల జలపాతానికి బస్సులో వెళ్తోంది.

పెన్సిలూ రబ్బరూ నా చేతిలో ఉన్నాయి. "నేను రాయను" అన్నాను.

ఇక్కడ మీకో నిజం చెప్పాలి. నేనేమీ సత్యహరిశ్చంద్రుణ్ణి కాదు. ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబ్ రికార్డు మొత్తం పక్కవాడిది చూసి దించినవాణ్ణే. మరి ఆ రోజు ఎందుకు అలా అన్నానో అప్పుడు నాకే తెలీదు. ఇప్పుడు ఆలోచిస్తే రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, పేజీ అడుగున 'బుక్ చేసినవారు' అనే చోట ఉన్నది నా పేరు. రెండోది, ఆ వారమే పొద్దున్నపూట కొండమీద ప్రసంగం చదువుతున్నాను. ఒట్టు పెట్టుకోవాల్సిన అవసరం లేనంత సూటిగా మాట ఉండాలని యేసు అక్కడ చెబుతాడు. పొద్దున్న అది చదివి తల ఊపి, సాయంత్రం నాలుగు చోట్ల 22 కలపడం కుదర్లేదు. అంతకుమించి పెద్ద కారణం ఏమీ లేదు.

"సరే, నువ్వు రాయకు. బుక్ ఇటివ్వు, నేను రాస్తా" అన్నాడు ఇంకొకడు. ఇవ్వలేదు. అప్పుడు మొదలైంది.

"రేయ్, నువ్వు పరలోకానికి వెళ్ళు, వద్దన్నామా? మాకు ఎత్తిపోతల చాలు."

"పాస్టర్ గారూ, మరి మా ఐదుగురికీ బస్సు దేవుడు పంపిస్తాడా?"

"నీ ఒక్కడి పుణ్యానికి అయిదుగురికి పాపమా?" ఈ మాట అన్నది నా రూమ్మేట్. మిగతావాళ్ళు నవ్వుతూ అన్నారు, వాడు నవ్వలేదు. వాడి దగ్గర్నుంచి వచ్చేసరికి గుచ్చుకుంది. పైగా వాడన్నదాంట్లో న్యాయం ఉంది. నా నమ్మకానికి ఖర్చు వాళ్ళు ఎందుకు పెట్టుకోవాలి? దానికి నా దగ్గర జవాబు లేదు. "పొద్దున్న నేను ఒక్కణ్ణే చేస్తా, మీరు వెళ్ళండి" అన్నాను. ఒక్కడు లెవెలింగ్ చేయలేడని ఆరుగురికీ తెలుసు. దానికీ నవ్వారు.

సార్ దగ్గరికెళ్ళి తేడా ఎక్కువొచ్చింది, రిపీట్ చేస్తామంటే, ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండా "చేయండి" అన్నారు. అంతే. మెచ్చుకోలేదు, తిట్టలేదు. సినిమాలోలాగా ఏమీ జరగలేదు.

రాత్రి భోజనాలప్పటికి క్లాసు మొత్తానికి తెలిసిపోయింది. లైన్లో నా వెనక ఎవరో పాత బస్తాల జోకు మళ్ళీ వేశారు. బకింగ్‌హామ్ కాలువ నుంచి గుండ్లకమ్మ దాకా నాలుక చివరికి వచ్చింది. కానీ ఆ క్షణంలో నేను చెప్పాలనుకున్నది మా వాళ్ళ గౌరవం కోసమా, నా గెలుపు కోసమా అని అనుమానమొచ్చి మింగేశాను. ప్లేటు తీసుకుని బయట మెట్ల మీద కూర్చున్నాను. ఆ రోజు కూడా నుదురే రుద్దుకున్నాను. చూశారా, అబద్ధం రాయనన్నవాణ్ణి, పావుగంటకే తలనొప్పి నటించాను.

నాయనమ్మకి ఫోన్ చేశాను. సిగ్నల్ వస్తూ పోతూ ఉంది.

"ఏందయ్యా, గొంతు అట్టుంది?"

లెవెలింగ్ అంటే ఏమిటో ఆవిడకి చెప్పడం నా వల్ల కాలేదు. కొలతలు తప్పొస్తే దిద్దమన్నారని చెప్పాను.

"అబద్దం రాయమన్నారా?"

"అట్టాంటిదే."

"రాశావా?"

"లేదు."

"మరి ఎందుకీ ఏడుపు?"

"అందరూ నవ్వుతున్నారు నాయనమ్మా."

కాసేపు మాట్లాడలేదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను. తర్వాత, "నోవహు కత తెలుసుగా? తీసి, ఆయన్ని చూసి నవ్వినోళ్ళ పేర్లు చదువు. వింటా" అంది.

ఇదేం పరీక్ష అనుకున్నాను. సండే స్కూల్లో ఆ కథ వినని పిల్లలుండరు. గోడ మీద బొమ్మ కూడా గుర్తే. సగం కట్టిన ఓడ, నిచ్చెన మీద తెల్ల గడ్డం నోవహు, కింద పొట్ట పట్టుకుని నవ్వుతున్న జనం. ఫోన్లో ఆదికాండం ఆరో అధ్యాయం తీశాను. పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30. మూర అడుగున్నర అనుకుంటే ఓడ పొడవు దాదాపు 137 మీటర్లు. చితిసారకపు మ్రాను. లోపలా బయటా కీలు పూత. మూడు అంతస్తులు, పక్కన తలుపు. మా డ్రాయింగ్ షీట్ల మీద రాసే స్పెసిఫికేషన్లలా ఉంది. ఆరో అధ్యాయం అయిపోయింది, ఏడోది అయిపోయింది. నవ్వినవాళ్ళు లేరు.

మళ్ళీ చదివాను. లేరు. ఒక్క వాక్యం కూడా లేదు. నవ్వి ఉండరా అంటే, నవ్వే ఉంటారు. ఎండలో నిలబడి అంత పెద్ద చెక్క పెట్టె కట్టేవాణ్ణి చూసి ఎవరు నవ్వరు? కానీ రాసినాయన దాన్ని రాయలేదు. దేవుడు చెప్పినట్టే అన్నీ చేశాడని మాత్రం ఒకసారి కాదు, రెండుసార్లు రాశాడు. నవ్వుతున్న జనాన్ని ఆ గోడ బొమ్మలోకి తెచ్చింది బొమ్మ గీసినాయనే.

"దొరికారా?" అంది నాయనమ్మ.

"లేరు."

"మరి నీ కతలో ఎందుకు రాసుకుంటన్నావు? పొడుకో, పొద్దున్నే పనుంది కదా" అని పెట్టేసింది.

మర్నాడు ఆరున్నరకి నేను లెవెల్ పెట్టె భుజాన వేసుకుని బయటికి వచ్చేసరికి మా వాళ్ళు ముగ్గురు అరుగు మీద ఉన్నారు. రూమ్మేట్ ట్రైపాడ్ పట్టుకుని నిలబడ్డాడు. మిగతా ఇద్దరూ బస్సెక్కేశారు. వాళ్ళని నేను తప్పుపట్టను. ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదు. కాలువ గట్టు మీద మంచుకి స్టాఫ్ తడిసిపోయి అంకెలు సరిగ్గా కనబడక, రూమ్మేట్ తన తువ్వాలుతో తుడిచాడు.

మొదటి రోజు గుర్తులు పెట్టిన చేంజ్ పాయింట్ల మీదే మళ్ళీ రీడింగులు తీసుకుంటూ, ప్రతి రెండు పాయింట్ల మధ్య తేడాని నిన్నటి తేడాతో పోల్చుకుంటూ వెళ్ళాం. మొదటిది ఒక మిల్లీమీటరు తేడా. రెండోది సమానం. మూడోది ఒకటి. మూడుకీ నాలుగుకీ మధ్య నిన్న 0.515 ఎక్కినట్టు రాసి ఉంది. ఇవాళ 0.426 వచ్చింది.

రూమ్మేట్ నా పక్కకి వచ్చి నిన్నటి పేజీ చూశాడు. నాలుగో పాయింట్ దగ్గర ఫోర్‌సైట్ 1.345.

"రేయ్, నేను నీకు 1.435 అని చెప్పాను. సిమెంటు తూము దగ్గర. నాకు బాగా గుర్తు" అన్నాడు.

నాకూ గుర్తొచ్చింది. వాడు నాలుగు మూడు అయిదు అనడం, అదే సమయంలో లారీ హారన్ కొట్టడం, నేను మూడు నాలుగు అయిదు అని రాయడం. తొంభై మిల్లీమీటర్లు. వాడి కన్ను తప్పు కాదు, స్టాఫ్ పట్టుకున్నవాళ్ళ తప్పు కాదు. బుక్ చేసినవాడిది. కింద సంతకం పెట్టినవాడిది. నిన్న సాయంత్రం తుమ్మచెట్టు కింద పుస్తకాన్ని గుండెకి హత్తుకుని, ఐదుగురి అబద్ధం నుంచి నిజాన్ని కాపాడుతున్నట్టు కూర్చున్నవాడిది.

నిన్నంతా నా మనసులో ఏం నడిచిందో ఇక్కడ ఒప్పుకోవాలి. బయటికి "నేను రాయను" అన్నానే కానీ, లోపల "మీరంతా ఇంతేరా" అని ఉంది. స్టాఫ్ వాలుగా పట్టుకుని ఉంటారు, బబుల్ సరిగ్గా చూసి ఉండరు అని ఒక్కొక్కడి మీదా నింద వేసుకుంటూ వచ్చాను. నా పేజీ మీద మాత్రం అనుమానం రాలేదు. నేను ప్రార్థన చేసుకునేవాణ్ణి కదా!

రాత్రి ఫోన్ పెట్టేశాక నోవహు కథ ఇంకాస్త ముందుకి చదివాను. అప్పుడు పట్టించుకోలేదు కానీ గట్టు మీద అది గుర్తొచ్చింది. ఓడ కట్టినంతసేపూ, నీళ్ళ మీద తేలినంతసేపూ నోవహు ఒక్క మాట మాట్లాడినట్టు కనబడదు. అతను నోరు విప్పేది తొమ్మిదో అధ్యాయంలో. ద్రాక్షతోట వేసి, తాగి, ఒళ్ళు తెలియకుండా పడి, లేచాక. ఆ మాట కూడా శాపం. అంత పెద్ద విధేయత చూపించినవాడి గురించి ఆ పుస్తకం అది కూడా దాచకుండా రాసింది. నవ్వినవాళ్ళ సంగతి వదిలేసి అతని తప్పు మాత్రం రాసుకుంది. లోకంలో మనం చేసేది దానికి సరిగ్గా తిరగేసి.

"నా తప్పేరా. నిన్న మిమ్మల్నందర్నీ మనసులో తిట్టుకున్నాను కూడా. సారీ" అన్నాను.

రూమ్మేట్ ఒక్క క్షణం నా మొహం చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ట్రైపాడ్ వదిలేసి, గట్టు మీద కూలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా. "దేవుడా! వాడి తప్పు మేం దిద్దుదామంటే వాడే వద్దన్నాడు, అది వాడి తప్పేనంట!" మిగతా ఇద్దరూ అందుకున్నారు. నేనూ కూర్చున్నాను. రెండున్నరేళ్ళలో నన్ను చూసి వాళ్ళు నవ్విన నవ్వులన్నిటిలో నిజంగా నాకు చెందింది ఇదే.

ఫీల్డ్ బుక్‌లో తప్పుని రబ్బరుతో చెరపకూడదు. అడ్డంగా ఒక గీత కొట్టి, పైన సరైనది రాయాలి. పాత అంకె కనబడుతూ ఉండాలి. 1.345 మీద గీత కొట్టి 1.435 రాశాను. మొత్తం మళ్ళీ లెక్కకడితే 100.004 వచ్చింది. నాలుగు మిల్లీమీటర్లు. అందమైన ఆరు కంటే తక్కువే.

వైవాలో సార్ ఆ గీత చూసి ఇదేమిటని అడిగారు. చెప్పాను. "బుకింగ్‌లో జాగ్రత్తగా ఉండాలి" అని అరమార్కు తీసేశారు. గ్రూపు మొత్తానికి. ఆ అరమార్కుకి ఇప్పటికీ సమోసాలు కొనిస్తున్నాను.

ఈ కథకి గొప్ప ముగింపేమీ లేదు. ఎవరూ మారిపోలేదు. బస్తాల జోకు ఇప్పటికీ అప్పుడప్పుడు వినిపిస్తుంది. అడిగినవాడికి నిజంగా తెలుసుకోవాలని ఉంటే కాలువ సంగతి చెబుతాను, లేకపోతే ఊరుకుంటాను. నేనూ అంతగా మారలేదు, ఆదివారం ల్యాబ్ ఎగ్జామ్‌కి చదువుతూ చర్చి ఎగ్గొట్టిన రోజులున్నాయి. ఉప్పు దొరక్కపోయినా మాట మార్చని మా ముత్తాతల ముందు నా 94 మిల్లీమీటర్లు ఏ లెక్కలోకీ రావు. వాళ్ళ మీద నవ్వినవాళ్ళ పేర్లు నాయనమ్మకి కూడా గుర్తులేవు. మూడు నియమాలు మాత్రం వరసగా చెబుతుంది.

క్యాంపు నుంచి వచ్చిన తర్వాతి బుధవారం, మెస్‌లో చాలా రోజులకి నుదురు రుద్దుకోకుండా మామూలుగా కళ్ళు మూసుకున్నాను. పది సెకన్లు. భయపడుతూనే తెరిచాను. ప్లేట్లో రెండు గుడ్లున్నాయి.

ఎదురుగా రూమ్మేట్ సాంబారు కలుపుకుంటున్నాడు.

"మురిసిపోకు పాస్టర్ గారూ, ఒకటి నాది" అన్నాడు తల ఎత్తకుండా. "నీదాన్ని ఎవడూ ఎత్తుకుపోకుండా కాపలా పెట్టా. ఆమెన్ అయింది కదా, ఇటిచ్చెయ్."